ఊరికి రోడ్డొచ్చింది, బస్సేది?

(నాగర్‌కర్నూల్‌లో విద్యార్థులు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కలిసి పెట్టుకున్న సభలో, ఆర్టీసీ ట్రాఫిక్ విభాగంలో పనిచేసి రిటైరైన ఒక ఉద్యోగి చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని ఎక్కించాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వినబడుతుందా? సరే.

రోడ్డు లేని ఊరి నుంచి వచ్చినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా ఇక్కడ? ఒక్క చెయ్యి కూడా లేవలేదు. మంచిదే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే ప్రశ్న అడిగితే సగం మంది చేతులెత్తేవాళ్ళు. ఇప్పుడు ఇంకోటి అడుగుతా. మీ ఊరికి పొద్దున మొదటి బస్సు ఎన్ని గంటలకు? రాత్రి ఆఖరి బస్సు ఎన్ని గంటలకు? ఠక్కున చెప్పగలిగినవాళ్ళు చేతులెత్తండి. చూశారా, ముందు వరుసలో ఇద్దరు పెద్దమనుషులు తప్ప ఎవరూ లేరు. పిల్లలకు తెలియకపోవడం పిల్లల తప్పు కాదు. తెలుసుకుని ఏం చేయాలి, బస్సు ఉంటే కదా!

రోడ్డు ఉంటే ఊరు కలిసిందని మనం అనుకుంటాం. ప్రభుత్వం కూడా అట్లాగే అనుకుంటుంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబర్ 25న మొదలైంది. మైదానంలో 500 మంది ఉన్న ఆవాసానికి, గిరిజన ప్రాంతంలో, కొండల్లో అయితే 250 మంది ఉన్న ఆవాసానికి ఏడాది పొడుగునా నడిచే రోడ్డు వేయాలని పథకం. దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. మన దగ్గర ఎన్నో తండాలు తారు మొహం చూసింది ఆ పథకంతోనే. కానీ ఆ లెక్క రోడ్డు దగ్గరే ఆగిపోతుంది. రోడ్డు పడిందా, ఊరు కలిసింది, ఫైలు మూసేయ్. ఆ రోడ్డు మీద బస్సు తిరుగుతుందా లేదా అన్నది ఆ పథకం పని కాదు. బండి ఉన్నాయనకు అది రోడ్డే. బండి లేని ముసలమ్మకు, ఇంటర్ చదివే ఆడపిల్లకు, షుగరు మందుల కోసం నెలకోసారి పట్నం పోవాల్సిన మనిషికి అది ఏంటి? వడ్లు ఎండబోసుకునే కల్లం! నవ్వుతున్నారు గానీ, మీరూ ఎండబోశారు కదా మొన్న.

నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. ఊరిని కలిపేది రోడ్డు కాదు, టైము. ఏ గంటకు బయల్దేరతావు, ఏ గంటకు ఇంటికి చేరతావు, అంతే. రోడ్డు వెడల్పు గురించి సభలు పెడతాం, ధర్నాలు చేస్తాం. టైము గురించి ఎవరూ అడగరు. పెద్దలు ఒకప్పుడు అడిగేవాళ్ళు. మా డిపోకు వచ్చే దరఖాస్తుల్లో ఎక్కువ వాటిలో ఒకటే మాట ఉండేది: "సార్, మా ఊర్లె బస్సు పండుకోవాలె."

ఈ పిల్లలకు ఆ మాట తెలియదు, చెప్పాలి. నైట్ హాల్ట్ బస్సు. రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నరకు ఊరికొచ్చి అక్కడే ఉండిపోతుంది. డ్రైవరు, కండక్టరు పంచాయతీ ఆఫీసులోనో, బడి వరండాలోనో, ఏదీ లేకపోతే బస్సులోనే సీట్ల మీదో పడుకుంటారు. పొద్దున ఐదున్నరకు స్టార్టు. ఆ ఐదున్నర బస్సులో ఎవరెక్కుతారు? పాల క్యాన్లు ఎక్కుతాయి. బెండకాయ, బీరకాయ గంపలు ఎక్కుతాయి. మేస్త్రీ పనికి పోయేవాళ్ళు, కోర్టు వాయిదా ఉన్నాయన, పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడాల్సిన మనిషి. తొమ్మిది గంటల బస్సుకు వీళ్ళలో ఒక్కరి పనీ కాదు. ఓపీ అయిపోతుంది, కూలి అడ్డా ఖాళీ అయిపోతుంది, కూరగాయల బేరం అయిపోతుంది. బస్సు అదే, రోడ్డు అదే, ఊరు అదే. మూడున్నర గంటల తేడా, అంతే.

మరి పొద్దున్నే డిపో నుంచి బస్సు పంపిస్తే కాదా అని అడుగుతారు. కాదు. నలభై కిలోమీటర్ల అవతలి ఊర్లో ఐదున్నరకు బస్సు ఉండాలంటే డిపోలో నాలుగింటికి తియ్యాలి. ఆ నలభై కిలోమీటర్లూ ఖాళీగా పోవాలి. దాన్ని మేం డెడ్ కిలోమీటర్లు అంటాం. డీజిలు కాలుతుంది, పైసా రాదు. రాత్రే పోయి అక్కడ పడుకుంటే ఆ ఖర్చు లేదు. అంటే నైట్ హాల్ట్ అన్నది ఊరికి చేసే ధర్మం కాదు, డిపోకు కూడా లాభమే.

లాభమే అయితే ఎందుకు తీసేస్తున్నారు? రెండు కారణాలు చెప్తా. ఒకటి, సిబ్బంది. 1961 నాటి మోటారు ట్రాన్స్‌పోర్టు వర్కర్ల చట్టం ప్రకారం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటల పని. నైట్ హాల్ట్ డ్యూటీ రెండు రోజుల మీద పరుచుకుంటుంది. డ్రైవర్లు సరిపడా ఉన్నప్పుడు ఫర్వాలేదు. రిటైరైనవాళ్ళ జాగాలో కొత్తవాళ్ళను తీసుకోకపోతే, ఉన్నవాళ్ళతోనే చార్టు నింపాలి. అప్పుడు మొదట ఎగిరిపోయేది ఇదే.

రెండోది ఎవరూ బయటికి చెప్పరు. ఊరు. పగలంతా స్టీరింగు తిప్పిన మనిషికి రాత్రి పడుకోవడానికి జాగా కావాలి కదా? పొద్దున నాలుగున్నరకు లేచి కాలకృత్యాలు ఎక్కడ తీర్చుకోవాలి? మహిళా కండక్టర్లు వచ్చాక ఈ ప్రశ్న ఇంకా గట్టిగా వచ్చింది. ఆడమనిషిని రాత్రిపూట తాళం లేని వరండాలో పడుకోమని ఏ డిపో మేనేజరు డ్యూటీ వేస్తాడు? ఒక తండా ఉంది, పేరు చెప్పను. తండా వాళ్ళంతా కూర్చుని మాట్లాడుకుని ఒక గది ఇచ్చారు. ఫ్యాను, లోపలి గడియ, పక్కన మరుగుదొడ్డి. ఆ బస్సు చాలా కాలం నిలబడింది. దాని పక్కనే పెద్ద గ్రామ పంచాయతీ, డబ్బున్న ఊరు. "మేమెందుకియ్యాలె, ఆర్టీసోళ్ళు చూసుకోవాలె" అన్నారు. వాళ్ళ బస్సు పోయింది. నేను ఎవరి పక్షమూ మాట్లాడటం లేదు, జరిగింది చెప్తున్నా.

ఇప్పుడు లెక్కల సంగతి. కొంచెం ఓపిక పట్టండి, ఇది తెలియకపోతే డిపో మేనేజరు ముందు మీరు నోరు తెరవలేరు. రూటు బతకాలా చావాలా అన్నది తేల్చేది రెండు అంకెలు. కిలోమీటరుకు ఎంత ఆదాయం వచ్చింది, ఉన్న సీట్లలో ఎన్ని నిండాయి. రెండోదాన్ని ఓఆర్ అంటాం. పల్లె రూటు ఎట్లా ఉంటుంది? పొద్దున పట్నం వైపు పోయేటప్పుడు నిండుగా పోతుంది. అదే బస్సు తిరిగి ఊరికొచ్చేటప్పుడు ఖాళీ. సాయంత్రం దానికి ఉల్టా. రెండూ కలిపి సగటు తీస్తే సగం. కాగితం మీద సగం ఖాళీ బస్సు! కానీ ఎక్కినవాళ్ళకు నిలబడటానికి కూడా జాగా లేదు.

ఇంకోటి వినండి. ఆడవాళ్ళకు ఉచిత బస్సు రాకముందు సంగతి, బడి టైము ట్రిప్పు. పన్నెండేళ్ళ లోపు మగపిల్లలకు, పదో తరగతి వరకు ఆడపిల్లలకు పాసు ఉచితం. మిగతా పిల్లలకు రాయితీ పాసు. బస్సు కిక్కిరిసి ఉంటుంది, ఫుట్‌బోర్డు మీద పిల్లగాళ్ళు వేలాడుతుంటారు, కండక్టరు "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అని గొంతు చించుకుంటుంటాడు. సాయంత్రం డిపోలో టికెట్లు కొట్టే టిమ్ మిషన్ నుంచి కాగితం తీస్తే ఎన్ని టికెట్లు? పన్నెండో, పదమూడో. పిల్లలు వేలాడిన ట్రిప్పు కాగితం మీద ఖాళీ ట్రిప్పు. హైదరాబాద్‌లో కూర్చున్నాయన ఆ కాగితం చూసి "ఈ ట్రిప్పు ఎందుకు నడుపుతున్నారు?" అని అడిగితే, ఆయన తప్పా? ఆయనకు కనబడింది పన్నెండే.

సరే, రోజుకు నాలుగు ట్రిప్పులు ఉన్నాయనుకోండి. మధ్యాహ్నం ట్రిప్పులో ఎవరూ ఎక్కడం లేదని తీసేశారు. ఏమవుతుంది? పొద్దున పట్నం పోయిన మనిషి పదకొండింటికి పని అయిపోతే సాయంత్రం దాకా బస్టాండులో కూర్చోవాలి. రెండుసార్లు కూర్చుంటాడు. మూడోసారి పొద్దున కూడా బస్సెక్కడు, ఆటోలో పోతాడు. అప్పుడు పొద్దున ట్రిప్పు కూడా పలచబడుతుంది. మళ్ళీ కాగితం. "చూశారా, జనమే లేరు" అంటారు. జనం ఎక్కడికీ పోలేదు. తిరిగొచ్చే బస్సు లేదు కాబట్టి పోయే బస్సు ఎక్కలేదు. నడిచే బస్సును చంపాలంటే మొత్తం తీసేయనక్కర్లేదు, ఒక ట్రిప్పు తీసేస్తే చాలు. ఇది నేను నా చేతులతో చార్టులు రాసి చూసిన సంగతి.

అయితే నష్టం వచ్చే రూటు ప్రభుత్వం ఎందుకు నడపాలి? న్యాయమైన ప్రశ్నే. దీనికి కొంచెం వెనక్కి పోవాలి.

మన దగ్గర సర్కారు బస్సు నిజాం కాలంలో వచ్చింది. 1932 జూన్‌లో, 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో. నడిపింది ఎవరు? రైల్వే. నిజాం స్టేట్ రైల్వే వాళ్ళు నడిపారు. అంటే రైలు పట్టాలు పోని చోటికి కూడా మనిషిని చేర్చడం ఒకే సంస్థ చేతిలో ఉంది. ఆంధ్రలో అట్లా కాదు, అక్కడ ప్రైవేటు బస్సులు. ఒక్కో రూటుకు ఒక్కో యజమాని. 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ ఏర్పడ్డాక ఆంధ్ర జిల్లాల్లో రూట్లను జాతీయం చేయడం మొదలుపెట్టారు. ఎంత గొడవ అయిందో తెలుసా? కృష్ణా జిల్లా రూట్ల మీద గుల్లపల్లి నాగేశ్వరరావు అనే ఆయన వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. అభ్యంతరాలు విన్నది ప్రభుత్వ కార్యదర్శి, నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి. విన్నవాడు ఒకడు, తేల్చినవాడు ఇంకొకడు, ఇదేం న్యాయమని కోర్టు కొట్టేసింది. 1958లో. లా చదివే పిల్లలు ఇక్కడుంటే మీ పుస్తకంలో ఉంటుంది చూసుకోండి, సహజ న్యాయం అధ్యాయంలో.

దానికంటే పెద్దది పక్కన కర్నూలు జిల్లాది. ఏ రూట్లు ముందు తీసుకోవాలన్న వరుస మారింది. ఆ మార్పు వెనక ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి గారి రాజకీయ కక్ష ఉందని బస్సుల యజమానులు ఆరోపించారు. 1964లో సుప్రీంకోర్టు తీర్పు ప్రభుత్వానికి వ్యతిరేకంగా వచ్చింది. ఆయన ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. బస్సు రూట్ల కేసులో ముఖ్యమంత్రి దిగిపోయాడు! తర్వాత 1977లో రాష్ట్రపతి అయ్యారనుకోండి, అది వేరే సంగతి. ఇప్పుడు ఒక ఊరి బస్సు తీసేస్తే వార్డు మెంబరు కూడా కదలడం లేదు.

రూట్ల కోసం అంత కొట్లాట ఎందుకు? రూటంటే డబ్బు కాబట్టి. కర్నూలు–హైదరాబాద్ లాంటి రూటు డబ్బు కురుస్తుంది. అచ్చంపేట నుంచి పదర పోయే రూటు కురవదు. ప్రైవేటు ఆయన మొదటిది నడుపుతాడు, రెండోది నడపడు. ఆయన్ని తప్పుపట్టలేం, ఆయన వ్యాపారం చేస్తున్నాడు. సర్కారు రెండూ తీసుకుంటే మొదటిదాంట్లో వచ్చింది రెండోదాంట్లో పెట్టొచ్చు. ఉమ్మడి కుటుంబంలో పట్నంలో ఉద్యోగం చేసే అన్న పంపిన పైసలతో ఊర్లో అందరూ తిన్నట్టు. 1999లో ఆర్టీసీ ప్రపంచంలోకెల్లా ఎక్కువ బస్సులున్న సంస్థగా గిన్నిస్‌కు ఎక్కిందంటే ఆ ఏర్పాటు మీదే ఎక్కింది.

మరి ఆ అన్నకు ఏమైంది? అన్నకు హైవే వచ్చింది.

ఇక్కడ నా మాట మీలో కొంతమందికి నచ్చకపోవచ్చు. హైవే వద్దని నేను అనను. హైదరాబాద్ నుంచి కర్నూలు పోవడానికి ఒకప్పుడు ఎంత సేపు పట్టేదో నాకు తెలుసు. కానీ హైవే మొదట చేసే పని ఏంటి? ఊరిని పక్కకు నెట్టడం. బైపాస్. ఎక్స్‌ప్రెస్ బస్సు ఊర్లోకి రాదు, బయటి నుంచే పోతుంది. శ్రీశైలం రోడ్డు తీసుకోండి, 765 నంబరు జాతీయ రహదారి. కల్వకుర్తి, డిండి దాటి పోతుంది, కానీ అచ్చంపేట ఊర్లోకి పోదు. హాజీపూర్ చౌరస్తా దగ్గర దించి "దిగండమ్మా" అంటారు. అక్కడి నుంచి ఆటో. రాత్రి అయితే ఆటో కూడా మన అదృష్టం. ముందుకు పోతే మన్ననూరు చెక్‌పోస్టు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు మూసేస్తారు, పులుల అడవి కాబట్టి. మూయాల్సిందే, రాత్రి పులి తిరిగే టైము. కానీ అడవి లోపలి ఊళ్ళకు ఆఖరి బస్సు టైము ఆ గేటును చూసుకుని పెట్టాలి కదా? వటవర్లపల్లిలో ఉండే మనిషికి హైవే ఇంటి ముందరే ఉంది. రాత్రి తొమ్మిది దాటితే ఆ హైవే ఆయనది కాదు.

ఇంకా ఘోరం కొత్తూరు దగ్గరి పెద్దకుంట తండా. పత్రికల్లో చదివే ఉంటారు, విదేశీ వార్తా సంస్థలు కూడా వచ్చి రాశాయి. 44వ నంబరు హైవే బైపాస్ ఒకవైపు తండా, ఇంకోవైపు వాళ్ళకు కావాల్సిన ఆఫీసులు. దాటడానికి దారి లేదు. దాటబోయి దాటబోయి మగవాళ్ళు చనిపోయారు. వితంతువుల తండా అని పేరు పడింది. రెండు ఊళ్ళను కలపడానికి వేసిన రోడ్డు ఒకే ఊరిని రెండు ముక్కలు చేసింది. ఇంజనీరును అడిగితే, డిజైను ప్రకారమే వేశామంటాడు. నిజమే. ఆ డిజైనులో కారు ఉంది, లారీ ఉంది. నడిచిపోయే మనిషి లేడు.

హైవే చేసిన రెండో పని, డబ్బు రూటును ఆర్టీసీ చేతిలోంచి జార్చడం. ప్రైవేటు ట్రావెల్స్ బస్సులకు ఉండేది కాంట్రాక్టు క్యారేజి పర్మిట్. అంటే పెళ్ళి బృందాన్నో యాత్ర బృందాన్నో మొత్తంగా తీసుకుపోవాలి. దారిలో ఒక్కొక్కరిని ఎక్కించుకోకూడదు. ఎక్కించుకుంటున్నారా లేదా మీకు తెలుసు, నాకు తెలుసు, వాళ్ళకు తెలుసు. లాభం వాళ్ళకు పోయింది, పదర రూటు నష్టం మనకు మిగిలింది. అన్న పైసలు పంపడం ఆపేస్తే ఊర్లోవాళ్ళు ఏం తినాలి?

2019 సమ్మె మీకు గుర్తుంటుంది. అక్టోబర్ 5 నుంచి నవంబర్ 25 దాకా. దాని మధ్యలో 5,100 రూట్లను ప్రైవేటుకు ఇస్తామని మంత్రివర్గం నిర్ణయించింది. ఆ సమ్మె మంచీ చెడూ ఇప్పుడు మాట్లాడను, దానికి ఇంకో సభ కావాలి. నాకు అప్పుడు ఒకే అనుమానం వచ్చింది. ఆ 5,100లో పల్లె రూట్లను ఎవరు అడుగుతారు? చివరికి ఆ నిర్ణయం అమలు కాలేదు, బతికిపోయాం.

తర్వాత 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి వచ్చింది. ఆడవాళ్ళకు పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఉచితం. ఆంధ్రలో 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పేరుతో మొదలుపెట్టారు. దీని మీద జోకులు చాలా వచ్చాయి, ఉల్లిగడ్డలు ఒలుచుకుంటూ పోతున్నారని, ఊరికే తిరుగుతున్నారని. మగవాడు ఊరికే తిరిగితే ఎవరన్నా వీడియో తీశారా? పోనీయండి. నేను చూసేది చార్టు. ఆడవాళ్ళకు జీరో టికెట్ కొడతారు, ఆ టికెట్ లెక్కలోకి వస్తుంది, ప్రభుత్వం దానికి పైసలు కట్టాలి. నేను ఇందాక చెప్పిన ఖాళీ కాగితం ఒక్కసారిగా నిండింది. ఆ మనుషులు ముందు కూడా ఉన్నారు, ఆటోల్లో ఉన్నారు, ఇంట్లో ఉన్నారు. ఇప్పుడు కాగితం మీదికి వచ్చారు. ఆటోవాళ్ళు దెబ్బతిన్నారు, అది అబద్ధం కాదు, వాళ్ళకు ఏదో ఒక దారి చూపించాల్సింది. ఇంకో లోపం, జనం పెరిగినంత వేగంగా బస్సులు పెరగలేదు. బస్సు నిండితే ఇంకో బస్సు వేయాలి కదా, నిండిన బస్సును చూసి సంతోషపడి కూర్చుంటే ఎట్లా?

ఇక కొల్లాపూర్ వాళ్ళు వచ్చారని విన్నాను. ఎక్కడున్నారు? ఆ, అక్కడ. మీ గురించే చెప్పబోతున్నా. సోమశిల దగ్గర కృష్ణ అవతలి ఒడ్డు కంటికి కనబడుతుంది. కానీ బస్సులో ఆ ఒడ్డున ఆంధ్రలో ఉన్న ఆత్మకూరు పోవాలంటే పెబ్బేరు, కర్నూలు చుట్టి నూటయాభై కిలోమీటర్ల పైనే పోవాలి. అందుకే జనం పడవలెక్కారు. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి 61 మంది పోయారు. ఇప్పుడు కల్వకుర్తి నుంచి మన నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా 167కే హైవే, సోమశిల–సిద్ధేశ్వరం వంతెన. తీగల వంతెన అంటున్నారు, గాజు నడకదారి అంటున్నారు. ఫొటోలు బాగా వస్తాయి. సంతోషం. నేను అడిగేది, ఆ వంతెన మీద పల్లెవెలుగు పోతుందా?

ఎందుకు అడుగుతున్నానంటే, అది రెండు రాష్ట్రాల మధ్య రూటు. 2020లో లాక్‌డౌన్‌కు ఆగిన బస్సులు నవంబర్ దాకా ఈ రెండు రాష్ట్రాల మధ్య తిరగలేదు. అప్పుడు ఒప్పందం చేసుకున్నారు. తెలంగాణ బస్సులు 826, ఆంధ్రలో 1,61,258 కిలోమీటర్లు. ఆంధ్ర బస్సులు 638, తెలంగాణలో 1,60,999 కిలోమీటర్లు. ఇద్దరికీ సమానం ఉండాలని తూచి పెట్టుకున్నారు. కిలోమీటర్లకు కోటా పెట్టాక ఎవరైనా వాటిని ఎక్కడ ఖర్చు పెడతారు? హైదరాబాద్–విజయవాడ మీద పెడతారు. కొల్లాపూర్–ఆత్మకూరు పల్లెవెలుగు మీద ఎందుకు పెడతారు, ఎవరూ అడగకపోతే? వంతెన కట్టే కాలం చాలా ఉంది. ఆ కాలంలోనే ఆ కిలోమీటర్లు ఒప్పందంలో రాయించుకోవాలి. వంతెన ప్రారంభం రోజు అడిగితే రిబ్బను కత్తిరించే ఆయన "తప్పకుండా" అని పోతాడు.

ఆఖరుగా దరఖాస్తు ఎట్లా రాయాలో చెప్తా, చాలామంది ఇందాక బయట అడిగారు. "మా ఊరికి బస్సు వేయగలరని మనవి" అని రాయకండి. అట్లాంటివి బీరువాల్లో నిండుగా ఉన్నాయి. టైము రాయండి. మా ఊరి నుంచి పొద్దున ఐదున్నరకు ఇంతమంది పాలవాళ్ళు, ఇంతమంది కూలీలు. ఏడున్నరకు ఇంతమంది పిల్లలు, ఏ బడికి, ఏ కాలేజీకి, పాసు ఉన్నవాళ్ళెందరు. సాయంత్రం తిరిగొచ్చేది ఎన్నింటికి. వారం రోజులు చౌరస్తాలో ఇద్దరు పిల్లలు నిలబడి ఆటోల్లో పోయేవాళ్ళను లెక్కపెట్టి ఆ కాగితం జతచేయండి. పక్క రెండు ఊళ్ళను కలుపుకోండి, రూటు పొడుగైతే కిలోమీటరుకు ఆదాయం నిలబడుతుంది. నైట్ హాల్ట్ కావాలంటే గది ఇస్తామని పంచాయతీ తీర్మానం పెట్టండి, తాళం, మరుగుదొడ్డి రెండూ రాయండి. డిపో మేనేజరు ఒకటే అంటాడు, బస్సు లేదు, డ్రైవరు లేడు అని. అబద్ధం చెప్పడు, నిజంగానే ఉండరు. అప్పుడు కొత్త బస్సు అడగకండి. మీ రూటు పక్కనుంచి పోయే బస్సు ఏదో చూసి, దాన్ని మీ ఊర్లోకి తిప్పితే ఎన్ని కిలోమీటర్లు పెరుగుతాయో, ఎన్ని నిమిషాలు పడుతుందో మీరే లెక్క చూపించండి. ఆరు కిలోమీటర్లు, పదిహేను నిమిషాలు అని కాగితం మీద ఉంటే ఆయన కాదనడానికి కూడా కారణం రాయాల్సి వస్తుంది.

ఇంక ప్రశ్నలు అడగండి. పదర వాళ్ళు ముందు.